నల్లబల్ల మీది తీర్పు

ఆ ఎండాకాలం మా తమ్ముడు గిరిబాబు నిర్దోషి అని మేదినీపూర్ కోర్టు చెప్పింది. పేపరు ఇంకోలా చెప్పింది. బెంగాలీ గడ్డ మీద ఉన్న మా తెలుగు రైల్వే కాలనీ పేపరు మాటే నమ్మింది. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇది చెబుతుంటే ఇప్పుడూ మండుతోంది.

తీర్పు రోజు నేనూ నాన్నా కోర్టులోనే ఉన్నాం. నాన్న తవిటయ్య రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బెంచీ చివర భయంభయంగా కూర్చున్నాడు. జడ్జిగారు ఇంగ్లీషులో చదువుతూ మధ్యమధ్య బెంగాలీలో విడమరిచి చెప్పారు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో గిరి పనిచేసే ఫ్యాక్టరీ స్టోరులోంచి రాగి తీగ మాయమైన రోజున అతను డ్యూటీలోనే లేడు. ఆ గది తాళం ఎప్పుడూ అతని చేతికి ఇవ్వలేదు. ఈ మాట చెప్పింది మా వకీలు కాదు, పోలీసులు తెచ్చిన సాక్షే. అసలీ కుర్రాడి మీద కేసు పెట్టడానికి కారణమే కనిపించడం లేదని జడ్జిగారు అన్నారు.

నాన్న నా మోచెయ్యి పట్టుకుని లాగాడు. "ఏటన్నారే? ఒగ్గీసినారా?"

"ఒగ్గీడం కాదు నాన్నా. తప్పు సెయ్యలేదన్నారు."

"రెండూ ఒకటే కదేటి?"

"కాదు," అన్నాను. వదిలేయడానికీ నిర్దోషి అనడానికీ ఉన్న తేడా అప్పటికి ఆయనకి అక్కర్లేకపోయింది. కొడుకు బోనులోంచి దిగి వస్తున్నాడు, అంతే చాలు. బస్టాండులో రసగుల్లాలు కొని, పాకం చొక్కా మీద కారుతున్నా చూసుకోకుండా కుండ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు బెంగాలీ పేపర్లో, లోపలి పేజీలో ఒక మూలన హెడ్డింగు పడింది: ‘సాక్ష్యం దొరక్క బయటపడ్డ రాగి కేసు తెలుగు నిందితుడు.’ చదివి చూడండి. ఇందులో ఇదీ అబద్ధం అని వేలు పెట్టి చూపించలేరు. అలాగని అది చదివాక గిరి దొంగ కాదని నమ్మేవాడు ఒక్కడూ ఉండడు.

పేపర్లో పడితే పడింది, మా వాళ్లలో ఆ పేపరు చదివేదెవరు అనుకోవచ్చు. మా కాలనీ, అంటే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో బెంగాలీ మాట్లాడని తెలుగువాళ్లు లేరు, చదవగలిగినవాళ్లు తక్కువ. చేపల బజారులో బేరం బెంగాలీలో, పనిలో తిట్లు హిందీలో, ఇంట్లో ఏడుపు తెలుగులో. అందుకని మా కాలనీ తెలుగు పఠనమందిరం బయటి గోడకి ఒక నల్లబల్ల ఉంది. రోజూ పొద్దున్నే పేపర్లోని హెడ్డింగులు దానిమీద తెలుగులో సుద్దతో రాస్తారు. ఫస్టు షిఫ్టుకి పోయేవాళ్లు సైకిలు దిగకుండా ఒక కాలు నేలకి ఆనించి చదువుకుని, సైరను కూసేలోగా గేటు చేరతారు. ఈమధ్య ఎవరో ఒకరు ఆ బల్లని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. విజయనగరంలో ఉన్న మా మేనత్త మా కాలనీ వార్తలు నాకంటే ముందు చదువుతుంది. ఫోనులో వచ్చేదంతా అబద్ధమేనని అందరికీ తెలుసు. బల్ల మీద పడ్డదాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు.

ఆ బల్ల రాసేది శంకరనారాయణ మాస్టారు. రైల్వే స్కూల్లో చేసి రిటైరయ్యారు, మలంచాలో సొంతిల్లు. అక్కణ్ణించి సైకిలు మీద వచ్చి, పంచె పైకి దోపుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తారు. పేపర్లో ఉన్నదానికి ఒక్క మాట కలపరు, ఒక్క మాట తీయరు. అది ఆయన వ్రతం.

అంతకు రెండేళ్ల ముందు ఆయనే రాశారు: ‘రాగి దొంగల తెలుగు ముఠా. నాయకుడు గిరిబాబు అరెస్టు.’ దొరికింది ఒక్కడు. ఒక్కడు ముఠా ఎలా అయ్యాడని మాస్టారు ఆ పేపరుని అడగలేదు. అరెస్టు అన్న మాటని మా వాళ్లు శిక్ష అని చదువుకున్నారు. ఆ వైశాఖంలో మాతా పూజ వచ్చింది.

మాతా పూజ అంటే మా వాళ్లకి ఏడాదంతా ఒకెత్తు, ఆ నాలుగు రోజులు ఒకెత్తు. అమ్మవారి ఘటాలు నెత్తిన పెట్టుకుని డప్పులతో సందుసందూ తిరుగుతారు. ప్రతి ఇంటి ముందూ ఆగుతారు. ముందు రిక్షాలో కట్టిన మైకు ఆ ఇంటి యజమాని పేరు పిలుస్తుంది. ఇంటి ఇల్లాలు ఘటం ఎత్తినవాళ్ల కాళ్ల మీద పసుపునీళ్లు పోసి బొట్టు పెడుతుంది. ఆ ఏడు కమిటీ పెద్ద నూకరాజు మావయ్య, "కేసున్న గుమ్మం కాడ అమ్మ ఆగదు," అని తేల్చేశాడు. ఆ సంగతి మాకు చెప్పినవాళ్లు లేరు. మా అమ్మ సింహాచలమ్మ తలంటుకుని, ముగ్గేసి, చెంబు పట్టుకుని వీధిలో నిలబడింది. మైకు పక్కింటి పేరు పిలిచింది, మమ్మల్ని దాటి ఆ అవతలింటి పేరు పిలిచింది. మరుసటి ఏడూ అంతే. అమ్మ ఆ నీళ్లు మొక్కలకి కూడా పోయలేదు, మురిక్కాలవలో పారబోసింది.

అందుకే తీర్పు వచ్చాక అమ్మ అడిగిన మొదటి మాట, "ఈ ఏడు ఘటం ఆగుద్దంతావా అమ్మీ?"

ఆగుతుందన్నాను. మర్నాడు పొద్దున్న బల్ల దగ్గరికి వెళ్లాను. మాస్టారు ఆ హెడ్డింగుని ఉన్నదున్నట్టు రాసి, కింద గీత కూడా గీస్తున్నారు.

"మాస్టారూ, ఇదేంటి?"

"పేపర్లో ఉన్నదే అమ్మా," అని పేజీ విప్పి చూపించారు.

నేను చున్నీ కొంగుతో ఆ లైను మొత్తం చెరిపేశాను. ఆయన చేతిలోని సుద్ద లాక్కుని, ‘రాగి కేసు: గిరిబాబు నిర్దోషి అని కోర్టు తీర్పు’ అని రాశాను. నా అక్షరాలు వంకర. అయినా దూరం నుంచి బాగానే కనిపించాయి.

"కిరణ్మయీ! బల్ల మీద చెయ్యేస్తావా? ఇన్నేళ్లలో ఇంకొకరు దీన్ని చెరిపింది లేదు." మాస్టారు పేపరు మడిచేశారు. "నువ్వు ముద్దాయికి అక్కవి. నీకు నిష్పక్షపాతం ఎక్కణ్ణించి వస్తుంది?"

"నేను కోర్టులో కూర్చుని విన్నాను మాస్టారూ. మీరు విన్నారా? పోనీ, ఈ హెడ్డింగు పెట్టినవాడు విన్నాడా?"

"అది మన పని కాదు. నేను అనువాదం చేసేవాణ్ణి. జడ్జిని కాను."

"మరి జడ్జి చెప్పిన మాట ఎక్కడ? పేపరువాడి అనుమానం ఒక్కటే అనువాదం చేశారు."

అప్పటికే సైకిళ్లు ఆగాయి. నూకరాజు మావయ్య గుంపుని తోసుకుంటూ వచ్చాడు. అమ్మకి వరసకు అన్న అవుతాడు. సంగతి విని నెమ్మదిగా తల ఆడించాడు. "సాచ్చికం దొరకనేదంటే సేసినాడనే కదే అమ్మీ. దొరికుంటే సిచ్చ పడీది."

"మావయ్యా, నీ మీద సాచ్చికం దొరకని దొంగతనాలు ఈ ఊళ్లో ఎన్నున్నాయో నీకు తెల్సా? నువ్వు సెయ్యనివన్నీ."

జనం నవ్వారు. ఆ నవ్వు మావయ్యకి తగలరాని చోట తగిలింది. "నీ నోటికి దండం," అన్నాడు. "పేపరోడు నిర్దోసి అని రాయనీ, అప్పుడు సూద్దుం. అందాకా మీ గుమ్మం దాటీడమే."

మాస్టారు సైకిలెక్కి వెళ్లిపోయారు. నేను ఆ పేపరు విలేఖరిని వెతుక్కుంటూ బయల్దేరాను.

మలంచా రోడ్డులో నేను పనిచేసే కంప్యూటర్ సెంటర్ పక్కనే టీకొట్టు. అతను రోజూ సాయంత్రం అక్కడే బైకు ఆపుతాడు. పేపరు అతని ముందు పెట్టి అడిగాను. మంచివాడే, కోప్పడలేదు.

"దీదీ, హెడ్డింగు నేను పెట్టను. నేను పంపింది ‘బేకసుర్ ఖలాస్’ అనే." తప్పు లేదని తేలి విడుదల అని దాని అర్థం, బెంగాలీ కోర్టు వార్తల్లో వాడే మాట. "కలకత్తా డెస్కులో మార్చారు. ఖలాస్ అని పెడితే ఎవరు చదువుతారు చెప్పండి?"

"మా అమ్మ చదివించుకుంటుంది దాదా."

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. సవరణ వేయించమన్నాను.

"సవరించడానికి అందులో తప్పేముంది దీదీ? సాక్ష్యం దొరకలేదు, నిజమే కదా. తెలుగువాడు, నిజమే కదా. బయటపడ్డాడు, అదీ నిజమే." నాకోసం తెప్పించిన టీ చల్లారిపోతోంది. "అంతగా నచ్చకపోతే మీరే ఒక పేపరు పెట్టుకోండి."

వెటకారానికే అన్నాడు. నేను మాత్రం ఇంటికి వస్తూ దారంతా దాని గురించే ఆలోచించాను. పేపరు పెట్టే స్తోమత నాకు లేదు. బల్ల ఉంది.

మాస్టారు అలిగి రావడం మానేశారు. నేను రాసిన ఆ ఒక్క లైనూ చెరిపేవాళ్లు లేక బల్ల మీద అలాగే ఉండిపోయింది. వార్తల్లేక ఫస్టు షిఫ్టువాళ్లు గొణుగుడు మొదలుపెట్టారు. చివరికి ఒక పొద్దున్న మాస్టారు వచ్చి, అందరూ చూస్తుండగా సుద్ద డబ్బా నా చేతిలో పెట్టారు.

"రాయి. పూజ అయ్యేదాకా నువ్వే రాయి. కానీ ఒక షరతు. నీ తమ్ముడికి ఏ నియమమో ఊళ్లో అందరికీ అదే నియమం. ఎక్కడ తప్పినా బల్ల ముట్టుకోవడానికి వీల్లేదు."

సరే అన్నాను. బెంగాలీ చదవడం నాకూ వచ్చు. పొద్దున్నే లేచి రాయడం మొదలుపెట్టాను. నా పద్ధతి ఒకటే. పోలీసులు అన్నది పోలీసుల పేరున, వకీలు అన్నది వకీలు పేరున, కోర్టు అన్నది కోర్టు పేరున. ‘కిరాతకుడు’, ‘కిలాడీ లేడీ’, ‘ఎట్టకేలకు పాపం పండింది’ లాంటి మాటలు పేపర్లో ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా బల్లకి ఎక్కలేదు.

"నీ బల్ల సప్పగుందే అమ్మీ," అన్నారు సైకిళ్ల మీదివాళ్లు.

"కారం కావాలంటే ఇంటికెల్లి కూర తినండి," అన్నాను.

గిరి ఇల్లు కదిలేవాడు కాదు. నిర్దోషి అయ్యాక కూడా గడప దాటలేదు. పాత ఫ్యాక్టరీ రమ్మనలేదు, కొత్తవాళ్లు పేరు వినగానే ఫోను పెట్టేస్తున్నారు. నేను బల్ల రాసి వచ్చి ఏం రాశానో చెబితే, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

పూజ దగ్గర పడ్డాక ఒక పొద్దున్న వాడే నాకంటే ముందు లేచి, పేపరు తెచ్చి, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహంలో రెండేళ్లుగా లేని వెలుగు. "అప్పా, సూడు."

మొదటి పేజీలోనే ఉంది: ‘మత్తులో పూజ కమిటీ నేత కొడుకు వీరంగం. కూరల కొట్టులోకి బైకు.’ నూకరాజు మావయ్య కొడుకు అనిల్ కుమార్. కూరలమ్ముకునే ముసలాయన కాలు విరిగింది. అనిల్‌ని పోలీసులు పట్టుకెళ్లారు.

"ఎర్ర సుద్ద కూడా తెచ్చినాను," అన్నాడు గిరి. "ఉన్నది ఉన్నట్టు రాసీ. మనకి రాసినట్టే."

అమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది, "ఆ తండ్రి పేరు కూడా రాయి. పెద్దగా రాయి. కల్లు కనపడనోల్లకి కూడా కనపడాల."

బల్ల దగ్గర ఆ రోజు మామూలు కంటే జనం ఎక్కువ. వార్త అప్పటికే అందరికీ తెలుసు, వాళ్లు వచ్చింది నా కోసం. మాస్టారు కూడా వచ్చి సైకిలు పట్టుకుని వెనగ్గా నిలబడ్డారు. నూకరాజు మావయ్య గోడకి ఆనుకుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. నన్ను చూసి, "రాసీ అమ్మీ," అన్నాడు. "ఇయ్యాల నీ రోజు."

నాకు రాయాలనే ఉంది. మా అమ్మ పారబోసిన రెండు చెంబుల నీళ్లూ ఆ బల్ల మీద గుమ్మరించాలని ఉంది. సుద్ద తీసుకున్నాను, తెల్లదే. రాశాను:

‘మలంచా రోడ్డులో బైకు ప్రమాదం. కూరల వ్యాపారికి కాలు విరిగింది. బైకు నడిపిన అనిల్ కుమార్‌పై కేసు. తాగి ఉన్నాడని పోలీసుల ఆరోపణ, తాగలేదని అతని మాట. కోర్టు ఇంకా వినలేదు.’

గిరి ఎర్ర సుద్దని నేలకేసి కొట్టి ఇంటికి వెళ్లిపోయాడు. మావయ్య ఆ లైన్లు పెదాలు కదుపుతూ చదివాడు, మళ్లీ మొదటి నుంచి చదివాడు, తలొంచుకుని వెళ్లాడు.

ఇంట్లో అమ్మ నాకు చద్దన్నం గిన్నె ఠంగుమని పెట్టింది. "నీకు మీ తమ్ముడి కంటే ఆ బల్ల ఎక్కువైపోనాదేటి?"

"అమ్మా, పేపరు మాట పట్టుకుని అనిల్‌ని తాగుబోతని నేను రాసేస్తే, పేపరు మాట పట్టుకుని గిరిని దొంగన్నోల్లది కూడా రైటే అయిపోద్ది. అప్పుడు నాకు మాటాడ్డానికి నోరుండదు."

"నీకు నోరు లేని రోజు నేదు," అంది అమ్మ. విసురుగా పొయ్యి వైపు తిరిగింది.

రెండు రోజులు పోయాక, ఘటాలు మా సందుకి వచ్చే రోజుకి ముందు సాయంత్రం, నూకరాజు మావయ్య మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. "సెల్లెమ్మా, రేపు ఘటం మీ గుమ్మం కాడ ఆగుద్ది. నీ కూతురు మాకు మేలు సేసినాది. దానికోసరం కమిటీలో నానే సెప్పినాను."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మేలేటి మావయ్యా? నాను మేలు సెయ్యలేదు, నువ్వు..."

"నువ్వు ఊరుకో అమ్మీ," అంది అమ్మ. మావయ్యతో మాత్రం, "ఆగనీ అన్నా," అని అంతే అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్లు కొట్లాడింది, ఎవరో దయతలచి ఆగడానికా?

మర్నాడు మిట్టమధ్యాహ్నం డప్పులు మా సందు మలుపు తిరిగాయి. తారు రోడ్డు పొగలు కక్కుతోంది. అమ్మ తలంటుకుని, పసుపు చీర కట్టుకుని, చెంబుతో నిలబడింది. నాన్న ఆమె పక్కన. గిరి లోపల గుమ్మం చీకట్లో. రిక్షా ఆగింది. మైకు మావయ్య చేతిలోనే ఉంది. "ఫిట్టర్ తవిటయ్యగారి ఇల్లు!" అన్నాడు. ఘటం ఎత్తుకున్నామె వచ్చి మా ముగ్గు మీద నిలబడింది. డప్పులు ఆగాయి.

అమ్మ నీళ్లు పోయలేదు.

"పొయ్యే సెల్లెమ్మా," అన్నాడు మావయ్య.

"ఎందుకు ఆగినావు అన్నా?"

"సెప్పినాను కదే. నీ కూతురు మాకు..."

"నా కూతురికి మెచ్చుకోలు ఇవ్వాలంటే దానికి సీర పెట్టు. ఇది గిరిబాబు గుమ్మం. రెండేళ్లు ఎందుకు దాటినావో ఊరందరికీ తెలుసు. ఇయ్యాల ఎందుకు ఆగినావో మైకులో సెప్పు." చెంబుని గడప మీద పెట్టేసింది. ఘటం ఎత్తుకున్నామె వైపు తిరిగి చేతులు జోడించింది. "నీ కాల్లు కాల్తన్నాయని తెలుసు తల్లీ. నిమిసం ఓర్సుకో. నాను రెండేళ్లు ఓర్సుకున్నాను."

సందంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఎదురు వరసలోని బెంగాలీవాళ్లూ, మూలింటి బీహారువాళ్లూ వచ్చారు. మావయ్య చెమట తుడుచుకుని మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "గిరిబాబు మీద కేసులో... సాచ్చికం దొరకనందువల్ల కోర్టు ఒగ్గీసి..."

"ఒగ్గీడం కాదు బావా."

ఆ గొంతు నాన్నది. మా నాన్న వీధిలో గొంతెత్తగా నేను ఎప్పుడూ వినలేదు. "ఒగ్గీడం వేరు, తప్పు సెయ్యకపోడం వేరు. తప్పు సెయ్యలేదన్నారు జడ్జిగారు. నాను అక్కడే కూకుని ఇన్నాను."

మావయ్య నాన్నని చూశాడు, అమ్మని చూశాడు, చివరికి నన్ను చూశాడు. తన కొడుకు కేసు కోర్టు ఇంకా వినాల్సే ఉందని ఆయనకి ఆ క్షణంలో గుర్తొచ్చిందేమో నాకు తెలియదు. మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గిరిబాబు ఏ తప్పూ సెయ్యలేదు. అలాగని కోర్టు సెప్పినాది."

అమ్మ చెంబు ఎత్తలేదు. "బెంగాలీలో సెప్పు. పేపరోడు ఆ బాసలోనే కదా రాసినాడు."

మావయ్య తడబడ్డాడు. నేనే అందించాను. "బేకసుర్ ఖలాస్."

"గిరిబాబు బేకసుర్ ఖలాస్!" మైకు ఆ మాటని సందు చివరి నీళ్ల ట్యాంకు దాకా మోసుకెళ్లింది.

"ఇప్పుడు హిందీలో," అంది అమ్మ. హిందీలోనూ చెప్పాడు, పాపం. అప్పుడు అమ్మ గుమ్మం లోపలికి చూసి, "రారా," అంది. గిరి గడప దాటి ఎండలోకి వచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు. అమ్మ చెంబు వాడి చేతికిచ్చి, తన చెయ్యి కూడా దానిమీద వేసి, ఆ కాలుతున్న కాళ్ల మీద నీళ్లు పోయించింది. ఘటం ఎత్తుకున్నామె హమ్మయ్య అని పైకే అనేసింది. డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

మర్నాడు పొద్దున్న మాస్టారు నాకంటే ముందే బల్ల తుడిచి పెట్టారు. సుద్ద నా చేతికి ఇచ్చి పక్కకి జరిగారు. నేను అన్నిటికంటే పైన రాశాను: ‘నిన్న ఘటాలు మా సందులో ప్రతి ఇంటి ముందూ ఆగాయి.’

మాస్టారు కళ్లజోడు సర్దుకుని చదివారు. చేతిలోని పేపరు అటూ ఇటూ తిరగేశారు. "ఇది పేపర్లో ఎక్కడుందమ్మా?"

"పేపర్లో లేదు మాస్టారూ. నేను అక్కడే ఉన్నాను."